మెట్రో రైలు ప్రయాణం: భయాలు, ప్రమాదాలు

నిర్వచనం, పేర్లు

నగరంలో రోడ్డు వాహనాలతో ఎక్కడా కలవకుండా, తనకంటూ వేరే దారిలో, కొద్ది నిమిషాల ఎడంతో నడిచే కరెంటు రైలు మెట్రో. అది నేల కింద సొరంగంలో పోతే అమెరికాలో సబ్‌వే అంటారు, లండన్‌లో అండర్‌గ్రౌండ్ లేదా ట్యూబ్ అంటారు. మన దగ్గర సబ్‌వే అంటే చాలామందికి రైలు గుర్తుకు రాదు. పట్టాల కింద నుంచి అవతలి వైపుకు నడిచిపోయే దారి గుర్తుకొస్తుంది. తెలంగాణలో ఉన్న మెట్రో ఒక్కటే, హైదరాబాద్‌ది. అది మొత్తం స్తంభాల మీదే నడుస్తుంది. తెలుగువాళ్లు సొరంగ మెట్రో ఎక్కేది ఎక్కువగా చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, కోల్‌కతాలలో. దేశం దాటితే న్యూయార్క్, న్యూజెర్సీ, లండన్, సింగపూర్‌లలో.

ఈ ప్రయాణంలో జనం దేనికి భయపడతారు, నిజంగా దేనివల్ల దెబ్బతింటారు అన్నవి రెండు వేరు ప్రశ్నలు. జవాబులు కొన్నిచోట్లే కలుస్తాయి. అందుకే ఈ వ్యాసం భయాలను, ప్రమాదాలను విడివిడిగా తీసుకుంటుంది.

చరిత్ర

ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863 జనవరి 10న లండన్‌లో ప్యాడింగ్టన్, ఫారింగ్డన్‌ల మధ్య జనానికి తెరుచుకుంది. ఆవిరి ఇంజను, సొరంగం నిండా పొగ. అప్పటి ప్రయాణికుల మొదటి ఫిర్యాదు చీకటి గురించి కాదు, ఊపిరాడకపోవడం గురించి. 1890లో అదే నగరంలో కరెంటుతో నడిచే లోతు సొరంగ రైలు వచ్చాక పొగ పోయింది గానీ ఇంకో ఇబ్బంది మొదలైంది. నేల కింద చూడటానికి ఏముంటుందిలే అని ఆ బోగీలకు కిటికీలు మరీ చిన్నవి పెట్టారు. జనం వాటికి పిచ్చాసుపత్రిలో మెత్తటి గోడలుండే గదుల పేరు పెట్టారు. మనిషి బయటికి చూడలేకపోతే లోపల కూర్చోలేడని రైలు కంపెనీలకు తెలిసిందప్పుడే.

తర్వాత బుడాపెస్ట్ 1896లో, పారిస్ 1900లో, న్యూయార్క్ 1904లో మెట్రో తెచ్చుకున్నాయి. మన్‌హటన్, న్యూజెర్సీల మధ్య హడ్సన్ నది కింద 1908లో మొదలైన రైలే ఇప్పటి పాత్ (PATH). జెర్సీ సిటీలో ఉండే తెలుగు కుటుంబాలకు రోజూ ఆఫీసుకు పోయే బండి అది. మన దేశంలో మొదటిది కోల్‌కతా, 1984 అక్టోబర్ 24. ఢిల్లీ 2002లో, బెంగళూరు 2011లో, చెన్నై 2015లో దాని వెంట నడిచాయి. హైదరాబాద్ మెట్రోను 2017 నవంబర్ 28న మియాపూర్‌లో ప్రారంభించారు, మర్నాటి నుంచి జనాన్ని ఎక్కించుకున్నారు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం కూడా తెరవడంతో మూడు కారిడార్లు, 57 స్టేషన్లు, సుమారు 69 కిలోమీటర్లు అయ్యాయి. కోల్‌కతాలో హుగ్లీ నది కింది సొరంగం గుండా 2024 మార్చి నుంచి ప్రయాణికుల రైళ్లు నడుస్తున్నాయి.

మంచిర్యాల సందర్భం

మెట్రో లేకపోయినా మంచిర్యాల జిల్లాకు భూగర్భం కొత్త కాదు. శ్రీరాంపూర్, మందమర్రి ఏరియాల్లో సింగరేణి బొగ్గు గనుల కార్మికులు షిఫ్టుషిఫ్టుకీ నేల కిందికి దిగుతారు. గనిని ఇక్కడ బాయి అంటారు. బాయి పని, బాయి కాడికి పోయిండు అన్న మాటలు ప్రతి ఇంట్లో వినబడతాయి. సొరంగ రైలును, బొగ్గు గనిని పక్కపక్కన పెట్టి చూడటం ఇక్కడివాళ్లకు సహజంగా వస్తుంది. పోలిక పనికొచ్చేదే, ఒక పెద్ద తేడాను మరిచిపోకుంటే.

బాయి దిగే మనిషి మస్టరు వేయించుకుంటాడు. ల్యాంపు రూంలో క్యాపు ల్యాంపు తీసుకుంటాడు. నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ కట్టుకుంటాడు. గాలిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే బయటపడేదాకా ఊపిరి నిలిపే డబ్బా అది. శిక్షణ లేనిదే ఎవరినీ పనిలోకి దించరు. పని మొదలుపెట్టే ముందు కర్రతో కప్పును కొట్టి చూస్తారు. ఖణేల్‌మంటే గట్టిది, డొల్ల చప్పుడు వస్తే దాని కిందికి ఎవరూ పోరు. కొన్ని గనుల్లో మైళ్లు నడిచే శ్రమ తగ్గించడానికి మ్యాన్ రైడింగ్ పెట్టారు. కదులుతున్న తాడుకు వేలాడే కుర్చీ మీద సమయం చూసి కూర్చోవాలి, సమయం చూసి దిగాలి.

మెట్రో ప్రయాణికుడి దగ్గర ఉండేది టికెట్ ఒక్కటే. వెలుతురు, గాలి, కప్పు, బయటపడే దారి అన్నీ రైలు నడిపే సంస్థ చేతిలో ఉంటాయి. ప్రయాణికుడికి శిక్షణ ఉండదు, ఇవ్వడం కుదరదు కూడా. కింది భాగాల్లో వచ్చే ప్రమాదాల్లో చాలావాటి మూలం ఈ తేడాలోనే ఉంది.

ఇంత తెలిసినా గనులు ప్రాణాలు తీస్తూనే ఉన్నాయి. గోదావరి అవతల గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలో 2003 జూన్ 16న నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. మంచిర్యాల జిల్లాలోనే శ్రీరాంపూర్ ఎస్‌ఆర్‌పీ–3 గనిలో 2021 నవంబర్ 10న కప్పు కూలి నలుగురు మరణించారు. నీళ్లు, కప్పు, గాలి: బాయిలో మనిషి భయపడేవి ఈ మూడే. మెట్రో ప్రమాదాల చరిత్రను వెతికినా ఇవి కనిపిస్తాయి.

భయాల రకాలు

ఇరుకు భయం. మూసిన తలుపులు, కిటికీ అవతల నల్లటి గోడ, మధ్యలో రైలు ఆగితే ఎంతసేపో తెలియకపోవడం. కొందరికి గుండె దడ, చెమట, ఊపిరాడని భావన ఒక్కసారిగా కమ్ముకుంటాయి. దీన్ని వైద్యులు పానిక్ అటాక్ అంటారు. ప్రాణానికి ముప్పు లేకపోయినా ఆ పది నిమిషాలు అనుభవించే మనిషికి అది చిన్న విషయం కాదు. హైదరాబాద్ మెట్రోలో ఈ భయం తక్కువ, ఎందుకంటే కిటికీలోంచి నగరం కనిపిస్తుంది. దానికి బదులు కొందరికి ఎత్తు భయం పట్టుకుంటుంది.

కదిలే మెట్ల భయం. దీని గురించి రాసేవాళ్లు తక్కువ, పడేవాళ్లు ఎక్కువ. మంచిర్యాల నుంచి రైల్లో సుమారు 240 కిలోమీటర్లు వచ్చి సికింద్రాబాద్‌లో దిగి, మెట్రో స్టేషన్ ఎస్కలేటర్ ముందు నిలబడిన పెద్దావిడను చూస్తే అర్థమవుతుంది. కుడి కాలు లేపుతుంది, దించబోతుంది, వెనక్కి తీసుకుంటుంది. ఒక మెట్టు పోతుంది, ఇంకో మెట్టు వస్తుంది, ఏ మెట్టు తనదో తేలదు. ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుంటుంది, ఇంకో చేతిలో సంచి, పట్టీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. వెనక లైను ఆగిపోతుంది. "ఏం గాదమ్మా, పట్టుకొని ఎక్కు" అని ఎవరో చెయ్యి అందిస్తారు. పక్కనున్న పిల్లలు నవ్వుతారు గానీ ఆవిడ భయంలో తప్పేం లేదు. సాధారణంగా సెకనుకు అర మీటరు వేగంతో కదిలే ఆ మెట్లు పైన దువ్వెన పళ్లలాంటి పలకలోకి దూరిపోతాయి. జారిన చీర కొంగు, చున్నీ, మెత్తటి రబ్బరు చెప్పు, చిన్నపిల్లల వేళ్లు ఇరుక్కునేది అక్కడే. మ్యాన్ రైడింగ్ కుర్చీ ఎక్కే కార్మికుడికి ఇదే మెళకువను నేర్పిస్తారు, ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

అపరిచితుల భయం. రద్దీలో ఒంటికి తగిలే చేతులు, అదే పనిగా చూసే కళ్లు, రాత్రి ఖాళీ బోగీ. స్త్రీలకు ఇది ఊహ కాదు, అనుభవం. ఢిల్లీ మెట్రోలో 2010 అక్టోబర్ నుంచి ఒక బోగీ మొత్తం మహిళలకే కేటాయించారు. హైదరాబాద్ మెట్రోలోనూ మహిళలకు వేరుగా భాగం ఉంది. వేధింపుల మీద పోలీసుల షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేయవచ్చు. టోక్యోలో రద్దీ వేళల్లో మహిళల బోగీలు నడుస్తాయి. ఈ ఏర్పాటు వేధించేవాళ్లను మార్చకుండా వేధింపులకు గురయ్యేవాళ్లను పక్కకు జరుపుతుందన్న విమర్శ ఉంది. వాడుకునే స్త్రీలు మాత్రం దాన్ని వదులుకోవడానికి ఒప్పుకోరు.

అంటురోగం భయం 2020లో అన్నిటినీ మించింది. హైదరాబాద్ మెట్రో ఆ ఏడాది మార్చి 22 నుంచి సెప్టెంబర్ 7 దాకా ఆగిపోయింది.

ప్రమాదాల రకాలు

పొగ, మంట

మెట్రో మంటల్లో ఎక్కువమందిని చంపేది మంట కాదు, పొగ. పారిస్‌లో 1903 ఆగస్టు 10న ఒక చెక్క బోగీల రైలు అంటుకుంది. వెనక వచ్చిన రైలును కురోన్ స్టేషన్‌లో ఆపి అందర్నీ దిగి బయటికి పొమ్మన్నారు. కొందరు కదల్లేదు, టికెట్ డబ్బులు తిరిగిస్తేనే పోతామని వాదనకు దిగారు. ఇంతలో సొరంగంలోంచి పొగ కమ్మింది, దీపాలు ఆరిపోయాయి, చీకట్లో దారి తప్పి తలుపు లేని వైపుకు పరుగెత్తారు. 84 మంది చనిపోయారు. స్టేషన్ దీపాలకు వేరే కరెంటు లైను, బయటికి దారి చూపే వెలుగు బోర్డులు ఆ ప్రమాదం తర్వాత వచ్చాయి.

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో 1987 నవంబర్ 18న చెక్క ఎస్కలేటర్ కింద ఎవరో పారేసిన అగ్గిపుల్ల పడింది. కింద ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు, చెత్త. మొదట చిన్న మంటే. ఏటవాలు గొట్టంలాంటి ఎస్కలేటర్ దారి ఆ మంటను పైకి లాగి ఒక్కసారిగా టికెట్ హాలులోకి విసిరింది. 31 మంది మరణించారు. అంతకు రెండేళ్ల ముందే భూగర్భ స్టేషన్లలో పొగ తాగడం నిషేధించారు. బయటికి పోతూ మెట్ల మీదే సిగరెట్ వెలిగించుకునే అలవాటును మాత్రం ఆ నిషేధం ఆపలేకపోయింది.

దక్షిణ కొరియాలోని దెగులో 2003 ఫిబ్రవరి 18న ఒకతను రైల్లో పెట్రోలు పోసి నిప్పంటించాడు. 192 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆ రైల్లోవాళ్లు కాదు, ఎదురు వైపు నుంచి అదే స్టేషన్‌లోకి వచ్చి ఆగిన రెండో రైల్లోవాళ్లు. దాని డ్రైవర్ పారిపోతూ మాస్టర్ తాళం తీసుకుపోయాడు, తలుపులు మూసుకున్నాయి. చేత్తో తలుపు తెరిచే మీట బోగీలో ఉంది గానీ అది ఎక్కడుందో చాలామందికి తెలియదు. బాయిలోకి దించే ముందు కార్మికుడికి నేర్పే మొదటి పాఠం ప్రయాణికుడికి ఎవరూ చెప్పకపోతే ఏమవుతుందో దెగులో తేలింది. ఆ దేశంలోని రైళ్ల సీట్లు, గోడల పలకలను తర్వాత నిప్పంటని సరుకుతో మార్చారు.

అన్నిటికంటే ఎక్కువమందిని బలిగొన్న మెట్రో అగ్నిప్రమాదం అజర్‌బైజాన్ రాజధాని బాకులో 1995 అక్టోబర్ 28న జరిగింది. కరెంటు లోపంతో సొరంగం మధ్యలో ఆగిన రైల్లో దాదాపు 290 మంది, ఎక్కువగా కార్బన్ మోనాక్సైడ్‌కు, బలయ్యారు. గని కార్మికుడు నడుముకు కట్టుకునే డబ్బా ఉన్నది ఆ గ్యాసు కోసమే.

నీళ్లు

చైనాలోని చెంగ్‌చౌ నగరంలో 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది. వరద నీళ్లు ఐదో లైను సొరంగంలోకి దూరి రైలును చుట్టుముట్టాయి. బోగీల్లో గొంతుల దాకా నీళ్లు నిలబడ్డాయి. వందలమందిని బయటికి తీశారు, 14 మంది దక్కలేదు. 2012 అక్టోబర్‌లో శాండీ తుపాను న్యూయార్క్ సొరంగాలను ముంచినప్పుడు రైళ్లను ముందుగానే ఆపేశారు కాబట్టి వాటిలో ప్రయాణికులు లేరు. రెండింటి మధ్య తేడా నీళ్ల ఎత్తులో లేదు. రైళ్లు ఆపమని ఎవరు, ఎంత ముందు చెప్పారన్నదే తేడా. 7 ఎల్‌ఈపీ గురించి విన్న సింగరేణి కుటుంబాలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అంచు, తలుపు, పట్టా

రోజువారీ ప్రమాదం ఉండేది ప్లాట్‌ఫాం అంచున. లండన్‌లో 1968 నుంచి రైలుకు, ప్లాట్‌ఫాంకు మధ్య సందు చూసుకోమని రికార్డు వినిపిస్తున్నారు. కోల్‌కతా పార్క్ స్ట్రీట్ స్టేషన్‌లో 2019 జులై 13న తలుపుల మధ్య చెయ్యి ఇరుక్కున్న ప్రయాణికుడిని రైలు ఈడ్చుకుపోయింది, ఆయన చనిపోయాడు. తలుపు మూసుకుందని యంత్రం అనుకున్నాకే రైలు కదలాలి. పలచటి అడ్డును యంత్రం పట్టుకోలేకపోతే ఆ నియమం ఉండీ లేనట్టే. పట్టాల మీద జరిగే మరణాల్లో కొన్ని ఆత్మహత్యలు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ స్టేషన్‌లో 2022 జనవరిలో ఒక మహిళను రైలు కిందికి తోసేసిన తర్వాత ఆ నగర రవాణా సంస్థ మూడు స్టేషన్లలో ప్లాట్‌ఫాం తలుపులు పరీక్షిస్తామని ప్రకటించింది.

కరెంటు ఇంకో ముప్పు. కోల్‌కతా, బెంగళూరు మెట్రోలకు పట్టాల పక్కన మూడో పట్టాలో 750 వోల్టులు ఉంటాయి. హైదరాబాద్, చెన్నై, ఢిల్లీల్లో తలపై తీగల్లో 25,000 వోల్టులు. సంక్రాంతి రోజుల్లో మెట్రో లైన్ల దగ్గర గాలిపటాలు ఎగరెయ్యొద్దనేది అందుకే. తడిసిన లేదా లోహపు పూత ఉన్న మాంజా ఆ కరెంటును చేతిదాకా తెస్తుంది.

జనం, మెట్లు

లండన్‌లోని బెత్నల్ గ్రీన్ స్టేషన్‌లో 1943 మార్చి 3న 173 మంది చనిపోయారు. రైలు లేదు, బాంబు పడలేదు. ఇంకా పూర్తి కాని ఆ స్టేషన్‌ను యుద్ధంలో తలదాచుకోవడానికి వాడేవాళ్లు. దగ్గర్లో విమానాలను కూల్చే కొత్తరకం రాకెట్లు మోగాయి, జనం తొందరపడ్డారు, వాన తడి మెట్ల మీద ఒకరు జారారు, వెనకవాళ్లు మీద పడ్డారు. ముంబైలో 2017 సెప్టెంబర్ 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ పాదచారుల వంతెన మీద కూడా దాదాపు ఇదే జరిగింది, 23 మంది పోయారు.

కప్పు

హైదరాబాద్ అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో 2019 సెప్టెంబర్ 22న వాన పడుతోంది. తడవకుండా స్టేషన్ కింద నిలబడిన ఒక యువతి తలపై ఎత్తు నుంచి కాంక్రీటు పెచ్చు ఊడి పడింది, ఆమె ప్రాణం పోయింది. మెట్రో అంటే భయపడేవాళ్లలో ఎవరూ ఊహించని రకం ప్రమాదం ఇది. రైలు ఎక్కనే అక్కర్లేదు, నీడకు నిలబడితే చాలు. కాంక్రీటులో డొల్లను పట్టుకోవడానికి ఇంజనీర్లు వాడే పద్ధతుల్లో పాతది, ఇప్పటికీ నడిచేది, సుత్తితో కొట్టి చప్పుడు వినడం. శ్రీరాంపూర్ బాయిలో కర్రతో చేసేదీ అదే.

దాడులు

టోక్యోలో 1995 మార్చి 20న ఓమ్ షిన్రిక్యో ముఠా ఐదు రైళ్లలో సరిన్ అనే విష ద్రవం నింపిన ప్లాస్టిక్ సంచులు పెట్టి, గొడుగు మొనలతో పొడిచి దిగిపోయింది. 14 మంది మరణించారు, వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు. లండన్‌లో 2005 జులై 7న మూడు ట్యూబ్ రైళ్లలో, ఒక బస్సులో జరిగిన పేలుళ్లలో 52 మంది బలయ్యారు. మెట్రో భయాల్లో పెద్ద వాటా ఇలాంటి రోజుల నుంచి వచ్చిందే, ఇలాంటి రోజులు అరుదైనా.

దుమ్ము, దొంగతనం

చక్రం, పట్టా, బ్రేకుల అరుగుదలతో లోతు సొరంగాల్లో సన్నటి ఇనుప ధూళి చేరుతుంది. బొగ్గు దుమ్ము లాగా ఏళ్ల తరబడి అందులో పనిచేసే సిబ్బందికే దాని చింత ఎక్కువ. ప్రయాణికుడు పోగొట్టుకునేది సాధారణంగా ఫోను, తలుపు మూసుకునే క్షణంలో.

రక్షణ ఏర్పాట్లు

మన దేశంలో కొత్త లైనును మెట్రో రైలు భద్రతా కమిషనర్ పరీక్షించి అనుమతించాకే ప్రయాణికులను ఎక్కిస్తారు. 2002 నాటి మెట్రో రైల్వే చట్టం పట్టాల మీద నడవడాన్ని, అనుమతి లేని చోటికి పోవడాన్ని నేరంగా చూస్తుంది. హైదరాబాద్‌లో రైలు వేగం, రైళ్ల మధ్య దూరం కంప్యూటర్ అదుపులో ఉంటాయి. డ్రైవర్ పొరపాటు చేసినా బ్రేకు పడుతుంది. లండన్ మూర్‌గేట్‌లో 1975 ఫిబ్రవరి 28న రైలు ఆగకుండా చివరి గోడను ఢీకొట్టి 43 మంది చనిపోయారు. అలాంటిది జరగకుండా ఆపడమే ఈ ఏర్పాటు ఉద్దేశం. చెన్నై భూగర్భ స్టేషన్లలో ప్లాట్‌ఫాం అంచున నిలువెత్తు అద్దపు తలుపులు ఉన్నాయి, రైలు వచ్చి ఆగాకే తెరుచుకుంటాయి. హైదరాబాద్‌లో అంచుకు కాపలా పసుపు గీత.

భయానికి, లెక్కకు మధ్య

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ప్రపంచంలోని పెద్ద మెట్రో ప్రమాదాల మృతులందరినీ కలిపినా అందులో చిన్న వంతే. అయినా బైకు ఎక్కడానికి జంకని మనిషి సొరంగ రైలు అనగానే జంకుతాడు. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ స్లోవిక్ 1987లో సైన్స్ పత్రికలో దీన్ని వివరించారు. తమ అదుపులో లేనిది, ఒక్కసారే ఎందరినో చంపగలిగేది, అలవాటు లేనిది జనానికి ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది. బైకు హ్యాండిల్ చేతిలో ఉంటుంది, మెట్రోలో చేతికి దొరికేది తలపై వేలాడే పట్టీ ఒక్కటే.

మొదటిసారి ఎక్కేవాళ్లకు పనికొచ్చేవి తక్కువే. తలుపు పక్కన ఉండే అత్యవసర మీట, డ్రైవర్‌తో మాట్లాడే బటన్ ఎక్కడున్నాయో ఎక్కగానే చూసుకోవాలి. ఎస్కలేటర్ భయమైతే లిఫ్ట్ ఉంటుంది, అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. ఫోనో చెప్పో పట్టాల మీద పడితే దిగకూడదు; స్టేషన్ సిబ్బందికి చెప్తే రైళ్ల మధ్య ఎడం చూసి వాళ్లే తీసిస్తారు.